తోటపనిలో అడ్వాన్స్ ఎప్పుడు వెట్టి అవుతుంది?

అనంతపురం ఊరి చివర నాకో నర్సరీ ఉంది. మొక్కలు అమ్మడంతో పాటు లేఅవుట్లకు, స్కూళ్లకు, ఆఫీసులకు తోటలు వేసిస్తాం. రెండేళ్ల కిందట బెంగళూరులో ఒక కంపెనీ క్యాంపస్ పని దొరికింది. వాళ్లు పంపిన కాగితాల్లో పది పేజీల ఫారం ఒకటి ఉంది. జీఎస్టీ, పీఎఫ్, ఇన్సూరెన్స్ అన్నీ నింపుకుంటూ పోతే ఆరో పేజీలో ఒక ప్రశ్న కనబడింది. మీ సంస్థలో గానీ, మీకు సరుకు, మనుషులను అందించేవాళ్ల దగ్గర గానీ ఆధునిక బానిసత్వం ఉందా అని. పక్కన ఉంది, లేదు అని రెండు గడులు. నేను ఆగి ఆలోచించలేదు. 'లేదు' గడిలో టిక్ పెట్టి పేజీ తిప్పేశాను.

ఆ వారంలోనే మా అనంతపురం సైటులో పని చేస్తున్న ఒకామె సాయంత్రం నీళ్లు కట్టేసే వేళకు నా దగ్గరికి వచ్చింది. వాళ్లది కర్నూలు జిల్లా కోసిగి వైపు ఊరు. మేస్త్రి ఒకతను తొమ్మిది జంటలను తీసుకొచ్చాడు, అందులో వీళ్లదీ ఒక జంట. గుంతలు తవ్వడం, ఎర్రమట్టి నింపడం, లాన్ పరచడం వాళ్ల పని.

"మా అమ్మకు బాగలేదంట అన్నా. పోయి సూసి రావల్ల."

"దానికేముంది, ఇద్దరూ పోయి రాండి" అన్నాను.

"ఇద్దరం పోతే మేస్త్రి ఒప్పుకోడన్నా. ఒకరు ఈడ్నే ఉండల్లంట. బాకీ ఉంది గదా."

మేస్త్రిని పిలిచి బాకీ సంగతి అడిగాను. దాచుకోవాల్సింది ఏదీ లేనట్టు నీలం అట్ట పుస్తకం తెచ్చి నా ముందే తెరిచాడు. ఆ జంట పేరుతో ఒక పేజీ. పేరు అంటే భర్త పేరే, ఆమె పేరు ఎక్కడా లేదు. పైన అడ్వాన్స్ 60,000. కింద వరసగా బస్సు చార్జీ 1,400, బియ్యం, సరుకులు 9,600, ఆస్పత్రి 2,300, వారం ఖర్చులకు ఇచ్చింది 11,000. ఆఖర్న నాగా, 5 రోజులు, 2,500. అంటే పనికి రాని రోజు కూలి పోవడమే కాదు, రోజుకు 500 లెక్కన బాకీ కూడా పెరిగింది. మొత్తం 86,800. ఇటు పక్క 68 రోజుల కూలి, జంటకు రోజుకు 600 చొప్పున 40,800. ఇంకా తీరాల్సింది 46,000.

నేను మేస్త్రికి ఇస్తున్నది జంటకు రోజుకు 900. ఆ 300 తేడా 68 రోజులకు 20,400 అవుతుంది. దాన్ని, నాగా జరిమానాను తీసేస్తే బాకీ 23,100. పుస్తకంలో ఉన్నదానికి దాదాపు సగం. ఇద్దరు మనుషులు రెండు నెలలకు పైగా ఎండలో గట్టి నేల తవ్వి, తల్లిని చూడటానికి కలిసి ఊరికి పోలేని స్థితిలో ఉన్నారు. ఇదంతా నా సైటులో, నేను టిక్ పెట్టిన ఫారం ఇంకా నా టేబుల్ మీద ఉండగా.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. 46,000 మేస్త్రి చేతిలో పెట్టి ఆ ఇద్దరినీ ఊరికి పంపించేశాను. మంచి పని చేశానని చాలా రోజులు అనుకున్నాను. చట్టం చదివాక తెలిసింది, అది తప్పని. ఆ బాకీ చట్టం దృష్టిలో ఎప్పుడో రద్దయిపోయినట్టు లెక్క. రద్దయిన బాకీకి డబ్బు తీసుకోవడమే నేరం. మేస్త్రికి నేనిచ్చింది ఇంకో జంటను అడ్వాన్స్ కింద తెచ్చుకోవడానికి పెట్టుబడి.

చట్టం చెప్పేది ఏమిటి

ఆధునిక బానిసత్వం అనేది మన చట్టాల్లోని మాట కాదు. బలవంతపు చాకిరీ, అప్పు కింద కట్టుబడి, మనుషుల అక్రమ రవాణా, బలవంతపు పెళ్లి లాంటివాటిని కలిపి ప్రపంచమంతా వాడుతున్న పేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి వేసిన లెక్క ప్రకారం 2021లో ఏ రోజు చూసినా 4.96 కోట్ల మంది ఈ స్థితిలో ఉన్నారు. వాళ్లలో 2.76 కోట్ల మందిది బలవంతపు చాకిరీ. ఆ అంకెలు వింటే ఎక్కడో ఉన్నవాళ్ల సంగతి అనిపిస్తుంది. మనకు తెలిసిన పేరుతో పిలిస్తే దగ్గరికొస్తుంది. మనం దాన్ని వెట్టి అంటాం.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని మొదటి నుంచీ నిషేధించింది. కానీ దానికి ప్రత్యేక చట్టం రావడానికి పాతికేళ్లు పట్టింది. 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు, 1976లో అది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అయింది. మన రాష్ట్రంలో దాన్ని కాగితం మీంచి ఊళ్లలోకి తీసుకుపోయిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ పేరు ముందు చెప్పుకోవాలి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా నాలాంటి యజమానుల్లో చాలామంది దాన్ని చదవలేదు. వెట్టి అంటే జీతగాళ్లు, దొరలు, పాత కాలం అనుకుంటాం. చట్టంలో ఉన్న నిర్వచనం అంత పాతది కాదు.

అప్పు గానీ అడ్వాన్స్ గానీ తీసుకున్నందుకు మనిషి నాలుగింట్లో ఏదో ఒకటి కోల్పోతే అది వెట్టి. నామమాత్రపు కూలికో, కూలి లేకుండానో పని చేయాల్సి రావడం ఒకటి. ఇంకో చోట పని చూసుకునే స్వేచ్ఛ పోవడం రెండోది. తిరిగే స్వేచ్ఛ పోవడం మూడోది. తన ఆస్తినో, తన కష్టంతో తయారుచేసిన వస్తువునో మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు పోవడం నాలుగోది. నామమాత్రపు కూలి అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువైతే నామమాత్రమే. కనీస వేతనం నిర్ణయించని పనికైతే, ఆ చుట్టుపక్కల అదే పనికి మామూలుగా ఇచ్చే కూలి కంటే తక్కువైతే నామమాత్రమే.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వడం నేరం కాదు. బిడ్డ పెళ్లికో, ఆస్పత్రికో డబ్బు అవసరమైన కూలికి యజమాని సాయం చేయడం మన దగ్గర మామూలే, అందులో తప్పేం లేదు. ఆ అడ్వాన్స్ తీరేదాకా కదలకూడదు అన్న మాట వచ్చిన నిమిషంలో అది వెట్టి. ఒకరు పోతే ఒకరు ఇక్కడే ఉండాలి అనడం మూడో దాని కిందికి నేరుగా వస్తుంది.

సుప్రీంకోర్టు దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అని చెప్పింది. కొట్టి చేయిస్తేనే బలవంతం కాదు, ఆకలి వల్ల వేరే దారి లేక ఒప్పుకున్నా అది బలవంతమే అని వివరించింది. "వాళ్లే ఒప్పుకొని వచ్చారు గదా" అని మనం చెప్పుకునే సమాధానం ఆ తీర్పుతోనే పోయింది. ఆ తర్వాత బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతంగా పని చేస్తున్నట్టు తేలితే దాని వెనక అడ్వాన్స్ ఉన్నట్టే భావించాలని చెప్పింది. చట్టంలోనూ అంతే. ఇది వెట్టి బాకీ అని కార్మికుడు చెబితే, కాదని నిరూపించుకోవాల్సింది బాకీ ఇచ్చినవాడు. కార్మికుడి దగ్గర కాగితం ఉండదని, పుస్తకం మేస్త్రి చేతిలోనే ఉంటుందని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

శిక్ష మూడేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. 1976 నాటి ఆ రెండు వేలు ఇవాళ ఎవరినీ భయపెట్టదు. కానీ ఆ చట్టంలో అసలు బలం శిక్షలో లేదు, బాకీ రద్దులో ఉంది. వెట్టి బాకీ కింద ఎవరూ ఎవరికీ రూపాయి చెల్లించాల్సిన పని లేదు. ఆ ఒక్క వాక్యం ఆ నీలం పుస్తకాన్ని చెల్లకుండా చేస్తుంది.

ఆ ఫారం ఎందుకు వస్తుంది

బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. అక్కడ వ్యాపారం చేస్తూ ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లకు తగ్గని టర్నోవర్ ఉన్న సంస్థలు, తమ దగ్గర, తమ సరఫరాదారుల దగ్గర బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటన ఇవ్వాలి. ఆస్ట్రేలియా 2018లో ఇలాంటిదే తెచ్చింది, అక్కడ హద్దు 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. పెద్ద కంపెనీ తన సరఫరాదారులను అడుగుతుంది, వాళ్లు తమకు సరుకు ఇచ్చేవాళ్లను అడుగుతారు. అలా లండన్‌లో మొదలైన ప్రశ్న అనంతపురం నర్సరీ టేబుల్ మీదికి వచ్చింది.

బ్రిటన్ చట్టంలో ఒక లోపం ఉంది. మేం ఏ చర్యా తీసుకోలేదు అని రాసినా అది ప్రకటన కిందే లెక్క. అందుకే చాలా చోట్ల ఇది టిక్కుల పని అయిపోయింది. పైవాడు అడిగినట్టు, కిందివాడు చెప్పినట్టు. మధ్యలో ఎవరూ సైటుకు పోయి పుస్తకం తెరిచి చూడరు.

చూడాలనుకుంటే ఏం చూడాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ పదకొండు గుర్తులు చెప్పింది. మోసంతో తేవడం, కదలనివ్వకపోవడం, నలుగురితో కలవకుండా చేయడం, బెదిరింపులు, గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోవడం, కూలి ఆపిపెట్టడం, అప్పు కింద కట్టేయడం, హద్దు లేని పని గంటలు లాంటివి. కొన్నిసార్లు ఒక్క గుర్తే చాలు, కొన్నిసార్లు నాలుగైదు కలిపి చూడాలి. తర్వాత నేను మా సైటును ఆ పదకొండుతో పోల్చుకుంటే నాలుగు కనబడ్డాయి. ఆధార్ కార్డులు మేస్త్రి సంచిలో రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. గేటు పాసుకు కావాలని నేనే తీసుకురమ్మన్నాను, తిరిగి ఇచ్చాడా లేదా అని అడగలేదు.

మేస్త్రి ఒక్కడిదే తప్పా

సుగ్గి గురించి తెలియనివాళ్లకు ఒక మాట. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆస్పరి లాంటి కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా చేలో పని అయిపోయాక కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళం వేసి పనికి పోతాయి. గుంటూరు మిరప కోతలకు ఎక్కువ, మిగిలినవాళ్లు తెలంగాణకు, బెంగళూరుకు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అంతా వెట్టి అని ఎవరూ అనకూడదు. చేతిలో డబ్బుతో తిరిగొచ్చి అప్పు తీర్చుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మేస్త్రీల్లోనూ నిజాయితీగా లెక్క చెప్పేవాళ్లున్నారు. వాళ్లు లేకపోతే ఊరు దాటని మనుషులకు పని ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. కానీ వాన లేని ఏడాది, ఇంట్లో గింజ లేని నెలలో ఇచ్చిన అడ్వాన్స్‌కు బేరం ఉండదు. ఒడిశా బలంగీర్ వైపు ఇటుక బట్టీలకు మనుషులను కట్టుకునే సర్దార్లు నువాఖాయ్ పండగ చూసి అడ్వాన్స్ ఇస్తారు. చేతిలో పైసా లేని రోజు, పండగ రోజు ఒకటే అయితే మనిషి ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటి వచ్చినవాళ్లకే వర్తించేది. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి అది వాటిలో కలిసిపోయింది, అక్కడా వలస కార్మికుడు అంటే వేరే రాష్ట్రం మనిషే. కోసిగి నుంచి అనంతపురం వచ్చిన జంట ఆ లెక్కలోకి రాదు. వెట్టి నిర్మూలన చట్టం మాత్రం ఈ కోడ్‌లలో కలవలేదు, విడిగా అలాగే ఉంది. మన సీమ వలసకు కాపుదల ఏదైనా ఉందంటే అదే.

ఇక రేటు సంగతి. నా వ్యాపారంలో అందరూ మాట్లాడటానికి ఇష్టపడనిది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన గట్టి నేలలో అడుగున్నర గుంతలు ఒక మనిషి రోజుకు పదిహేను తవ్వితే ఎక్కువ. కంపెనీ గుంతకు 40 ఇచ్చిందనుకుందాం. కాంట్రాక్టరు 10 ఉంచుకుంటాడు. మేస్త్రి 10 ఉంచుకుంటాడు. తవ్వినవాడికి 20, పదిహేను గుంతలకు 300. ఇప్పుడు కంపెనీ పర్చేజ్ వాళ్లు ఆన్‌లైన్‌లో కొటేషన్లు పిలిచి, నలుగురు కాంట్రాక్టర్లను పోటీ పెట్టి గుంత రేటును 30కి దించుతారు. కాంట్రాక్టరు తన 10 తగ్గించుకోడు, మేస్త్రీ తగ్గించుకోడు. తవ్వేవాడికి మిగిలేది 10. అంటే రోజుకు 150, లేదా రోజుకు ముప్పై గుంతలు. స్వేచ్ఛగా ఉన్న మనిషి ఎవడూ ఆ కూలికి రాడు, వచ్చినా రెండో రోజే పోతాడు. ఆ రేటుకు పని జరగాలంటే వదిలి పోలేని మనిషి కావాలి. అడ్వాన్స్ ఆ పని చేస్తుంది. ఆ తర్వాత అదే కంపెనీ ఆరో పేజీలో బానిసత్వం ఉందా అని అడుగుతుంది.

కర్నూలు ప్రాంతానికి ఈ పాఠం కొత్త కాదు. హైబ్రిడ్ పత్తి విత్తనం చేతితో చేయాల్సిన పని. సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున పుప్పొడి అద్దాలి. పూత ఉన్నన్నాళ్లు రోజూ, ఒక్కో పువ్వుకు. సీడు పత్తి చేలలో ఈ క్రాసింగ్ పనికి ఆడపిల్లలను, ముందే తల్లిదండ్రులకు అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకునేవాళ్లు. 2000 తర్వాతి ఏళ్లలో పరిశోధకులు దీన్ని అంకెలతో సహా బయటపెట్టినప్పుడు, విత్తన కంపెనీలు రైతుకు ఇచ్చే ధరే పెద్దవాళ్ల కూలికి సరిపోదన్న విషయం ముందుకొచ్చింది. పిల్లలను పెట్టుకున్నది రైతు, కానీ రేటు కట్టింది కంపెనీ. మా మొక్కల వ్యాపారానికీ పూల, కూరగాయల హైబ్రిడ్ విత్తనాలే ఆధారం. బంతి నారు ట్రే చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఆ విత్తనం ఎవరి వేళ్ల మీదుగా వచ్చిందో అనిపిస్తుంది ఇప్పుడు.

బండలు, ఇటుకలు, ఎరువు

తోటలో కనబడేవి మొక్కలే అయినా ఖర్చులో సగం వేరేవాటికి పోతుంది. నడకదారికి నాపబండలు బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నుంచి వస్తాయి. ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేచోటికి పోయి చూడటం తేలిక. క్వారీకి పోవడం కష్టం, అక్కడే లెక్క గుత్త మీద నడుస్తుంది. రాతి విషయంలో ఇది ఊహించుకున్న భయం కాదు. బ్రిటన్ ఇళ్ల పెరళ్లలో పరిచే రాతిలో రాజస్థాన్ ఇసుకరాయి చాలా ఉంటుంది. బూందీ జిల్లా బుధపురాలో ఆ రాతి ముక్కలను పిల్లలు సుత్తితో చెక్కుతున్న సంగతి బయటికి వచ్చాకే బ్రిటన్ దిగుమతిదారులు క్వారీల దాకా వెతకడం మొదలుపెట్టారు. ఇటుకల సంగతి పైన చెప్పాను. కోకోపీట్, ప్లాస్టిక్ కుండీలు దూరం నుంచి వస్తాయి. వాటి దాకా నేనింకా పోలేదు.

నేను అనుకోని చోట కనబడింది గొర్రె ఎరువు. అనంతపురం గొర్రెలకు పేరున్న జిల్లా, మా మట్టి మిశ్రమంలో గొర్రె ఎరువు లేనిదే పని జరగదు. ఒక రోజు లోడ్ కోసం వ్యాపారితో పాటు నేనూ పోయాను. బీడులో మంద, దాని వెంట పన్నెండేళ్లు దాటని పిల్లవాడు. భుజాన మడిచిన గొంగళి, చేతిలో కర్ర, నడుముకు నీళ్ల బాటిల్ తాడుతో కట్టుకున్నాడు. కాళ్లకు ఉన్న చెప్పులు పెద్దవాళ్లవి, మడమ వెనక రెండు వేళ్ల ఖాళీ.

"బడికి పోవా?"

"ఏటి జీతం మాట్లాడినారన్నా."

"ఎంత?"

"మా నాయనకు ఎరుక."

ఎంతో వాడికి తెలియదు. ఆ డబ్బు వాడు చూడలేదు. అది తండ్రి తీసుకున్న బాకీలో ఎప్పుడో పోయింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని బాల కార్మికుల చట్టానికి 2016లో వచ్చిన సవరణ చెబుతోంది. బడి వేళల తర్వాతో, సెలవుల్లోనో సొంత ఇంటి పనిలో సాయం, షరతులతో సినిమా, టీవీ, ఆటల్లాంటివి మాత్రమే మినహాయింపు. అక్కడి నుంచే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చారు, పిల్లవాడు ఇంటికి పోయాడు. వ్యాపారి నాతో కొన్ని రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

మొదట మార్చింది డబ్బు దారి. కూలి నేరుగా కూలి ఖాతాలోకే, భార్యకు వేరు, భర్తకు వేరు. ఇది సరిపోతుందనుకున్నాను. తర్వాత తెలిసింది, కొందరి ఏటీఎం కార్డులు మేస్త్రి దగ్గర ఉన్నాయని. అప్పటి నుంచి జీతం పడిన మరునాడు ఒక్కొక్కరినీ కార్డు చూపించమని అడుగుతాను. ఆధార్ చూసి, నంబరు రాసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.

మేస్త్రి కమీషన్ నేనే విడిగా ఇస్తాను, కూలిలోంచి కాదు. మనుషులను తెచ్చినందుకు ఖర్చు పెట్టాల్సింది మనిషి కావలసినవాడు, పని కావలసినవాడు కాదు. దీంతో నా కొటేషన్ పెరిగింది, రెండు పనులు పోయాయి. గుంత రేటు కంపెనీకి ఇచ్చేటప్పుడు కూలి భాగాన్ని విడగొట్టి రాస్తున్నాను. బేరం ఆడితే నా మార్జిన్ మీద ఆడండి, ఆ గీత కింద ఉన్నదాని మీద వద్దు అని చెబుతున్నాను. కొందరు ఒప్పుకుంటున్నారు.

అడ్వాన్స్ ఆపలేదు. ఆపితే ఊళ్లో నూటికి ఐదు వడ్డీకి తెస్తారు, అది ఇంకా ఘోరం. మూడు వారాల కూలికి మించకుండా, వడ్డీ లేకుండా, వారానికి ఇంత అని ఇద్దరి దగ్గరా ఒకే కాగితం పెట్టుకుని ఇస్తున్నాం. నాగాకు జరిమానా లేదు. మధ్యలో పని మానేసి పోతే మిగిలింది వదిలేస్తాను. అలా ఇప్పటిదాకా వదిలేసింది నేను భయపడినంత లేదు.

వారానికోసారి మేస్త్రి లేని సమయంలో కూలీలతో కూర్చుంటాను. ఒడియా వాళ్లుంటే ఆ భాష వచ్చిన మా తోటమాలి మాట్లాడతాడు. బానిసత్వం ఉందా అని అడగం. రేపు ఇంటికి పోవాలంటే ఎవరిని అడగాలి, అడిగితే ఏమంటారు అని అడుగుతాం. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానం నాకు పది పేజీల ఫారం కంటే ఎక్కువ చెబుతుంది.

ఎక్కడైనా వెట్టి కనబడితే నాలాగా బాకీ తీర్చకండి. ఆ సరఫరాదారుతో వ్యాపారం మానేసి చేతులు దులుపుకోకండి కూడా, అప్పుడు ఆ మనుషులు మన కంటికి కనబడని ఇంకో సైటుకు పోతారు. జిల్లా కలెక్టర్‌కు గానీ ఆర్డీఓకు గానీ రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్ల కింద విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టంలోనే ఉంది. విచారణ జరిపి విడుదల పత్రం ఇస్తారు. ఆ పత్రం చాలా ముఖ్యం. అది ఉంటేనే బాకీ రద్దయినట్టు చేతిలో రుజువు ఉంటుంది, కేంద్రం పునరావాస పథకం వర్తిస్తుంది. వెంటనే 30 వేల వరకు సాయం, ఆ తర్వాత పురుషుడికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షలు. పూర్తి మొత్తం కేసు తేలడానికి ముడిపడి ఉండటంతో చాలామందికి ఆలస్యమవుతుంది. అందుకే మొదటి సాయం అందేదాకా వెంట ఉండేవాళ్లు కావాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయొచ్చు. రావాల్సిన కూలి కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు పని ఇచ్చినవాడు చెల్లించాలన్న నిబంధన 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది, ఇప్పుడు కొత్త కోడ్‌లోనూ ఉంది. నేను ఆ జంటకు ఇవ్వాల్సిన 20,400 కూడా ఉంది. ఆమె నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. ఊరికి పోయిన నాలుగో రోజుకు అమ్మ పోయిందని చెప్పింది. డబ్బు ఆమె ఖాతాలోనే వేశాను.

ఈ ఏడాది ఆ కంపెనీ నుంచి ఫారం మళ్లీ వచ్చింది. ఆరో పేజీలో అవే రెండు గడులు. రెండూ ఖాళీగా వదిలి ఒక కాగితం జతచేశాను. మా కూలీల లెక్క ఇది, అడ్వాన్స్ పద్ధతి ఇది. నాపబండలు ఏ పాలిష్ యూనిట్ నుంచి వస్తాయో తెలుసు, ఏ క్వారీ నుంచో తెలియదు. ఇటుక బట్టీ ఒకటి చూశాం. ఎరువు వచ్చే మందల్లో మూడింటి కాపరులు పెద్దవాళ్లే, మిగతావి వ్యాపారికి తప్ప మాకు తెలియవు. పర్చేజ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఏదో ఒక గడి టిక్ చేస్తేనే సిస్టమ్ తీసుకుంటుంది సార్, 'లేదు' పెట్టేయండి అంది. తెలియనిదాన్ని లేదని ఎలా రాయనమ్మా అన్నాను. కాసేపు ఆగి, మా మేనేజర్‌ను అడిగి చెబుతాను అంది. వచ్చే నెల బేతంచెర్ల క్వారీకి పోతున్నాం. వాళ్ల ఆఫీసు నుంచి కూడా ఒకరు వస్తామన్నారు.